ఘాట్ దిగుతుంటే బ్రేకుల వాసన వస్తోందా? ముందు మీ ఎడమ కాలు చూసుకోండి

తిరుమల నుంచి దిగి అలిపిరి చేరేసరికి చక్రాల దగ్గర గుప్పుమని కాలిన వాసన. పాడేరు, మారేడుమిల్లి, శ్రీశైలం ఘాట్లు దిగినవాళ్లూ ఇదే చెబుతారు. కారు షెడ్డుకు తెస్తారు, బ్రేక్ ప్యాడ్లు మార్పించుకుంటారు, మళ్లీ కొండ దిగితే మళ్లీ అదే వాసన. ఊళ్లో రాని వాసన కొండ మీద మాత్రమే వస్తోందంటే ముందు చూడాల్సింది ప్యాడ్లను కాదు, నడిపే తీరును.

వాసన ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?

ఎక్కేటప్పుడైతే అది క్లచ్ ప్లేటు. ఏటవాలులో ఆగినప్పుడు కారును హాఫ్ క్లచ్ మీద నిలబెట్టకుండా హ్యాండ్ బ్రేక్ వేయండి, సరిపోతుంది.

దిగేటప్పుడైతే బ్రేకులు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించారా? డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, అయినా చూడరు. దయచేసి ఇది మొదట చూడండి.

న్యూట్రల్‌లో దిగుతున్నారా?

పెట్రోలు మిగులుతుందని చాలామంది అలాగే దిగుతారు. మిగలదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం దాదాపు ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండటానికి ఇంధనం కాలుతూనే ఉంటుంది. ఇక కీ ఆఫ్ చేసి దిగడం ప్రాణాలతో చెలగాటం. రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ పోతుంది. కీ పూర్తిగా వెనక్కి తిరిగితే స్టీరింగ్ లాక్ కూడా పడవచ్చు.

"నేను గేరులోనే దిగాను, అయినా వాసన వచ్చింది"

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ మాట చెప్పేవాళ్లు అబద్ధం చెప్పరు. గేరు సెకండ్‌లోనే ఉంటుంది. కానీ మలుపు వచ్చిన ప్రతిసారీ కుడి కాలు బ్రేకు మీదికి వెళ్లగానే ఎడమ కాలు క్లచ్ తొక్కేస్తుంది. క్లచ్ తొక్కి ఉన్నంతసేపూ గేరు ఏదైనా ఒకటే, కారు న్యూట్రల్‌లో ఉన్నట్టే. ఇంజన్ పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. తిరుమల దిగే దారిలో మలుపు తర్వాత మలుపు, ప్రతి మలుపులోనూ ఇదే జరిగితే బ్రేకులకు చల్లారే వ్యవధి ఎక్కడిది?

ఈ అలవాటు నేర్చుకునే రోజుల్లోనే పడుతుంది. ఇంజన్ ఆగిపోతుందన్న భయంతో "బ్రేకుతో పాటు క్లచ్ కూడా తొక్కు" అని నేర్పుతారు. తర్వాత సిటీ ట్రాఫిక్ దాన్ని ఇంకా ముదరబెడుతుంది. కొండ మీద ఇంజన్ సౌండ్ పెరిగితే పక్కన కూర్చున్నవాళ్లు "గేరు మార్చు, బండి అరుస్తోంది" అంటారు, కాలు మళ్లీ క్లచ్ మీదికే. ఆ శబ్దానికి టెన్షన్ పడకండి. ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్లనంతవరకు ఇంజన్‌కు ఏమీ కాదు.

ఎవరి కాలు ఏం చేస్తోందో వాళ్లకు తెలియదు. కాబట్టి పక్క సీట్లో కూర్చున్నవాళ్లను మీ ఎడమ కాలు చూడమనండి.

మాన్పించడం కొండ మీద కాదు, ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద. థర్డ్ గేరులో 40 వేగంతో వెళ్తూ బ్రేకు ఒక్కటే తొక్కండి. వేగం 20 దాకా తగ్గినా ఇంజన్ ఆగిపోదు, అప్పుడు క్లచ్ తొక్కితే చాలు. మిగతా సమయమంతా ఎడమ కాలు క్లచ్ పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద, అది లేకపోతే నేల మీద. ఆలోచించకుండానే కాలు అక్కడికి వెళ్లేదాకా రోజూ చేయండి.

కొండ మీద ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగండి, అదీ వాలు మొదలవకముందే వేయండి. వేగం పెరిగితే గట్టిగా, కొద్దిసేపు బ్రేకు తొక్కి పూర్తిగా వదిలేయండి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచవద్దు. ఆటోమేటిక్‌లో ఎల్ (లో గేరు) లేదా మాన్యువల్ మోడ్ వాడండి.

పెడల్ తేడాగా ఉంటే

మెత్తగా లోపలికి దిగిపోతే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగింది. గట్టిగానే ఉన్నా బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కాయి. పెడల్ పంప్ చేస్తూ ఒక్కో గేరూ తగ్గించండి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగండి, లోయ వైపు కాకుండా కొండ వైపు ఉండండి. ఆపాక గేరులో పెట్టి చక్రానికి రాయి వేసి, బాగా చల్లారేదాకా కదలకండి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంకర పోతాయి. ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక 140కే మరగవచ్చు. రెండేళ్లకోసారి మార్పించండి.

ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పట్టేయడం, కొత్త ప్యాడ్ల మొదటి వాసన, సైలెన్సర్‌కు అంటుకున్న ప్లాస్టిక్ కవరు... ఇవి అరుదు. పైవన్నీ సరిచేసుకున్నాక కూడా ఒకే చక్రం దగ్గర వాసన వస్తుంటే అప్పుడు మెకానిక్‌కు చూపించండి.