సుమో రోబో పోటీ: కొలత, బరువు ఎంత పెట్టాలి?

స్కూల్లో సుమో రోబో పోటీ, అంటే గుండ్రటి రింగులోంచి ఒక రోబో ఇంకోదాన్ని బయటికి నెట్టే ఆట, పెడుతున్నారా? రూల్స్ రాసేముందు పిల్లల చేతిలో ఏ పార్టులున్నాయో చూడండి. మినీ సుమోకి, అంటే చిన్న రోబోల విభాగానికి, మామూలు లెక్క 10×10 సెం.మీ., 500 గ్రాములు. ఎత్తుకు హద్దు లేదు, రింగు వ్యాసం 77 సెం.మీ. మన పిల్లల దగ్గరుండేవి పసుపు బీవో మోటార్లు (బ్యాటరీతో తిరిగే చవక గేర్ మోటార్లు), 65 మి.మీ. చక్రాలు. రెండు పక్కలా బిగిస్తే ఆ పది వాటికే సరిపోతుంది. అందుకే 20×20 పెట్టమంటాను, రింగు 154 చేయించండి. బరువు మాత్రం కిలో చాలు. పెద్ద సుమోలోలా మూడు కిలోలంటే ఖరీదైన మోటార్లు కొనగలిగినవాళ్లదే గెలుపు, అది నాకు మింగుడుపడదు. బ్యాటరీతో కలిపే తూస్తామని రూల్లోనే రాయండి.

టేపుతో కొలిస్తే గొడవలే. లోపలి కొలత సరిగ్గా 20 ఉండేలా అడుగులేని ప్లైవుడ్ పెట్టె చేయించి, రోబో మీదికి దించండి. ఎక్కడా తగలకుండా దిగితే పాస్. మ్యాచ్ మొదలయ్యాక బ్లేడు (ఎదుటి రోబోని నెట్టే ముందు పలక) తెరుచుకోవచ్చా లేదా అన్నదీ ముందే తేల్చండి.