ఇంగ్లిష్ గ్రామర్ 9వ పాఠం: "హిజ్" అంటే ఎవరిది?

పోయిన పాఠంలో ప్రొనౌన్ల (హీ, షీ, ఇట్, దే లాంటి సర్వనామాల) పట్టిక ఇచ్చి, ఇంట్లోవాళ్ళ గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను కదా, అవి దిద్దేసరికి నాకు తల వాచిపోయింది. ఇవాళ హూ, హూమ్ మొదలుపెడదామనుకున్నా కానీ కుదరదు, వెనక్కి వెళ్ళాల్సిందే.

చాలామంది రాసింది ఇదీ: "మై ఫాదర్ ఈజ్ ఎ టైలర్. దే గెట్ అప్ ఎట్ ఫైవ్." ఉన్నది ఒక్క నాన్న, మధ్యలో ఈ దే ఎవరండీ? ఎక్కడినుంచి వచ్చిందో తెలుసులెండి, లోపల "నాన్నగారు అయిదింటికి లేస్తారు" అనుకుని ఆ "లేస్తారు"ని తీసుకెళ్ళి ఇంగ్లిష్‌లో పెట్టేశారు. మనకి గౌరవం ఇవ్వాలంటే బహువచనం, ఇంగ్లిష్‌లో హీ, షీలకి ఆ మర్యాద లేదు, ఒక్కరైతే హీ లేదా షీ, అంతే. కలెక్టర్ గారైనా తాతగారైనా హీయే. మీకు ఇబ్బందిగా ఉంటే రాసేటప్పుడు మనసులో దణ్ణం పెట్టుకోండి, దే మాత్రం పెట్టకండి. అన్నట్టు వాళ్ళకీ ఒకప్పుడు నువ్వు, మీరు విడివిడిగా ఉండేవి, దౌ అంటే నువ్వు, యూ అంటే మీరు. తర్వాత్తర్వాత దౌ పోయి యూ మిగిలింది, అందుకే ఎదురుగా ఒక్కడే ఉన్నా యూ ఆర్ అంటాం, యూ ఈజ్ అనం.

ఇంకో రకం: "మై అక్క వర్క్స్ ఇన్ ఎ హాస్పిటల్. కమ్స్ లేట్." ఎవరు కమ్స్? తెలుగులో "లేటుగా వస్తుంది" అంటే సరిపోతుంది, ఇంగ్లిష్‌లో షీ రాయకపోతే అది వాక్యమే కాదు.

సరే, అసలు పాఠం. ప్రొనౌన్ ఏ పేరు బదులు నిలబడిందో ఆ పేరు యాంటిసీడెంట్. ఒకరు యాంటీ అంటే వ్యతిరేకం అనుకున్నారు, కాదు, ఇది లాటిన్‌లో "ముందు" అనే మాట. పేరు ముందు నడుస్తుంది, ప్రొనౌన్ వెనక వస్తుంది. ఎప్పుడైనా తిరగబడుతుంది కూడా, "వెన్ హీ సా ద బిల్, రవి లాఫ్డ్" లాగా. పేరు ఒకటైతే ఇట్, హీ, షీలలో ఒకటి, ఎక్కువైతే దే, ఇది మీకు తెలిసిందే, వదిలేస్తున్నా.

నాకు ఒళ్ళు మండేది వేరే ఉంది. "ప్రొనౌన్‌కి దగ్గరగా ఉన్న పేరే యాంటిసీడెంట్" అని ఎవరో నేర్పేశారు మీకు. ఇది చూడండి: "ద ఫ్రిజ్ డిడ్ నాట్ గో త్రూ ద డోర్ బికాజ్ ఇట్ వాజ్ టూ వైడ్." ఇట్‌కి దగ్గరున్నది డోర్, కానీ వెడల్పు ఎక్కువైంది ఫ్రిజ్. వైడ్ తీసేసి న్యారో పెట్టండి, ఇట్ కాస్తా డోర్ అయిపోయింది. వాక్యం అదే, దూరం అదే, అర్థమే మారింది. కాబట్టి స్కేలు పెట్టి కొలవద్దు, చదివి అర్థం చూడండి.

అర్థం చూసినా తేలనివి కూడా ఉంటాయి. "రవి టోల్డ్ సురేష్ దట్ హిజ్ బైక్ వాజ్ స్టోలెన్." ఎవరి బైక్ పోయింది? తెలుగులో ఈ గొడవే రాదు, "రవి సురేష్‌తో తన బైక్ పోయిందని చెప్పాడు" అంటే రవిది, "వాడి బైక్" అంటే రవిది కాదు. మన "తన" లాంటి మాట ఇంగ్లిష్‌లో లేదు, తనకీ వాడికీ కలిపి ఒక్క హిజ్. మీరు "తన" అనుకుని రాస్తారు, చదివేవాడు "వాడి" అనుకుంటాడు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు "ద మేనేజర్ ఇన్ఫార్మ్‌డ్ ద క్లర్క్ దట్ హిజ్ లీవ్ వాజ్ క్యాన్సిల్డ్" అని నోట్ రాశాను, క్యాన్సిలైంది మేనేజర్‌ది, పాపం క్లర్కు ఊరికి తీసుకున్న టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాడు. అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే, అనుమానం వస్తే పేరు మళ్ళీ రాసేస్తా. "రవీస్ బైక్" అని రెండోసారి రాస్తే వినడానికి బాలేదంటారు, బాలేకపోతే పోనీ. లేదా కోట్స్‌లో పెట్టండి: రవి టోల్డ్ సురేష్, "మై బైక్ వాజ్ స్టోలెన్."

ఎవ్రీవన్ తర్వాత హిజ్ రాయాలా, దెయిర్ రాయాలా అని అడిగారు. పాత గైడ్లలో "ఎవ్రీవన్ మస్ట్ బ్రింగ్ హిజ్ పెన్" ఉంటుంది, ఇప్పుడు దెయిర్ రాసినా తప్పు కాదు. 2019లో మెరియమ్-వెబ్‌స్టర్ డిక్షనరీ ఆ ఏటి మాటగా "దే"నే ఎంచుకుంది. మనిషి ఎవరో తెలియనప్పుడు ఒక్కరికైనా దే వాడొచ్చు. అలాగని నాన్నగారికి పెట్టకండి మళ్ళీ, ఆయన ఎవరో మీకు తెలుసు.

ప్రాక్టీస్: ఇంగ్లిష్ పేపర్ మొదటి పేజీ తీసుకోండి, ప్రతి హీ, షీ, ఇట్, దే, హిజ్, దెయిర్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, దాని యాంటిసీడెంట్ దాకా బాణం గియ్యండి. పేజీ మొత్తం, సగం కాదు. "ఇట్ ఈజ్ రెయినింగ్" లాంటిది తగిలితే బాణం గియ్యొద్దు, ఆ ఇట్‌కి వెనక ఎవరూ లేరు. బాణం రెండువైపులకి పోయే వాక్యం ఒక్కటైనా దొరుకుతుంది, అది విడిగా రాసి పేరు పెట్టి సరిచేసి పంపండి. హూ, హూమ్ ఆ తర్వాతే.