హైదరాబాద్‌లో ఫ్లాట్: అడ్వాన్స్ ఇచ్చే ముందు వేయాల్సిన లెక్కలు, చూడాల్సిన కాగితాలు

కోకాపేట, తెల్లాపూర్, కొల్లూరు వైపు వచ్చే కొత్త టవర్లలో పెద్ద ఫ్లాట్లే ఎక్కువ. మామూలు ఉద్యోగి అందుకోగలిగేవి తక్కువ. అందుకే "ఆదివారం దాటితే రేటు మారుతుంది" అనగానే చెక్కు రాసేస్తున్నారు. రెండు వారాలు ఆగండి. కింది పనులకు ఆ సమయం సరిపోతుంది.

ముందు చేతి డబ్బు

రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 30 లక్షల వరకైతే ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకైతే 80 శాతం, ఆపైన 75 శాతం దాటకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపరు. 90 లక్షల ఫ్లాట్‌కు బ్యాంకు ఇవ్వగలిగేది గరిష్ఠంగా 72 లక్షలు. మిగతా 18 లక్షలు మీవే. నిర్మాణంలో ఉన్నదైతే జీఎస్టీ 5 శాతం, అంటే 4.5 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6.75 లక్షలు. మొత్తం 29.25 లక్షలు చేతిలో ఉండాలి. కార్ పార్కింగ్, క్లబ్‌హౌస్, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకు అదనపు రేటు), కార్పస్ ఫండ్ (భవన నిర్వహణకు ముందే కట్టే నిధి) ఇంకా ఇందులో చేరలేదు. ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి, సంతకం చేసి ఇమ్మని బిల్డర్‌ను అడగండి. ఇక వాయిదా: 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లకు లక్షకు సుమారు 868 రూపాయలు. 72 లక్షలకు నెలకు 62,500 దాకా అవుతుంది.

కార్పెట్ ఏరియా మీద రేటు కట్టండి

బ్రోచర్‌లో చదరపు అడుగు 6,000, ఫ్లాట్ 1,500 అడుగులు అని ఉంటుంది. లోపల టేపు పెట్టి కొలిస్తే గోడల మధ్య (ఇదే కార్పెట్ ఏరియా) 1,000 అడుగులే తేలితే, మీరు కడుతున్నది అడుగుకు 9,000. లిఫ్టు, కారిడార్, లాబీల్లో వాటా కూడా ఆ 1,500లో కలిసి ఉంటుంది. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు కార్పెట్ మీదే పోల్చండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ప్రకారం చేసుకునే ఒప్పందంలో ఆ అంకె ఉండి తీరాలి.

యూడీఎస్: భూమిలో మీ వాటా

ఎక్కువమంది అడగకుండా వదిలేసేది ఇదే. మా దృష్టిలో మొదట అడగాల్సిందీ ఇదే. కట్టడం ఏటేటా పాతబడుతుంది, విలువ పెరిగేది కింది భూమికి. ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న నిష్పత్తి) పరిమితి లేకపోవడంతో టవర్ ఎత్తు పెరిగేకొద్దీ ఒక్కో ఫ్లాట్‌కు వచ్చే గజాలు తగ్గిపోతాయి.

లెక్క తేలికే. రెండెకరాలు అంటే 9,680 గజాలు. మొత్తం అమ్మకపు విస్తీర్ణం 3,60,000 అడుగులు, మీ ఫ్లాట్ 1,500 అడుగులు అయితే మీ వాటా 40 గజాలు. రోడ్డు విస్తరణకు వదిలిన స్థలాన్ని ముందే తీసేసి లెక్క వేయండి. చాలాచోట్ల తేడా వచ్చేది అక్కడే. వచ్చిన అంకె, డ్రాఫ్ట్ సేల్‌డీడ్‌లోని అంకె ఒకటి కాకపోతే సంతకం ఆపేయండి.

ప్రీలాంచ్ జోలికి వెళ్లొద్దు

మొత్తం డబ్బు ముందే కడితే సగం ధరకు ఇస్తామంటారు, యూడీఎస్ రిజిస్టర్ చేస్తామంటారు. అప్పటికి పర్మిషన్ ఉండదు, రెరా నంబరూ ఉండదు. మీ చేతిలో ఉండేది ఫ్లాట్ కాదు, వందల మందితో కలిసి ఒక ఖాళీ స్థలంలో చిన్న వాటా. ఆ డబ్బుతో బిల్డర్ ఇంకోచోట భూమి కొంటే ఇక్కడ పునాది కూడా పడదు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోగానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లతోగానీ కట్టే ప్రాజెక్టును రెరా నమోదు లేకుండా ప్రచారం చేయడమే చట్టవిరుద్ధం.

కాగితాలు

తెలంగాణ రెరా సైట్‌లో ప్రాజెక్టు నంబరు కొట్టి మంజూరైన ప్లాన్, పూర్తి చేయాల్సిన తేదీ చూడండి. ఒప్పందంలోనూ అదే తేదీ ఉండాలి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు హెచ్‌ఎండీఏ లేదా జీహెచ్‌ఎంసీ నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని హామీగా పెట్టుకుంటాయి. ఓసీ (భవనంలో నివసించవచ్చని ఇచ్చే ధ్రువపత్రం) వచ్చేదాకా ఆ ఫ్లాట్లు అమ్మడానికి వీల్లేదు. సాధారణంగా కింది అంతస్తుల్లోవే ఉంటాయి. "తక్కువకు వస్తోంది" అని చూపించే ఫ్లాట్ అందులోదేమో ఫ్లాట్ నంబరుతో సహా సరిచూడండి.

సర్వే నంబరుతో ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) తీయండి, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడండి. పక్కన చెరువుంటే హెచ్‌ఎండీఏ చెరువుల పటంలో ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) చూడండి. 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కట్టకూడని జాగా. ఎండాకాలంలో చూసి నీళ్లు దూరంగా ఉన్నాయని నమ్మొద్దు.

బడ్జెట్ చాలకపోతే

కూకట్‌పల్లి, మియాపూర్, ఉప్పల్ వైపు నాలుగైదు అంతస్తుల పాత ఫ్లాట్లు చూడండి. యూడీఎస్ ఎక్కువగా ఉంటుంది, జీఎస్టీ ఉండదు. పర్మిషన్ ప్లాన్‌లో లేని పై అంతస్తును మాత్రం ఎంత చవకైనా తీసుకోవద్దు: బ్యాంకు రుణం దొరకదు, రేపు మీరు అమ్మబోయినా కొనేవాడికి అదే తిప్పలు. లింకు డాక్యుమెంట్లు (గత యజమానుల నుంచి ఆస్తి చేతులు మారిన పత్రాలు) ఒరిజినల్స్ చూపించమనండి. అవి బ్యాంకులో ఉన్నాయంటే అప్పు ఇంకా తీరలేదనే అర్థం.

డబ్బు ఇచ్చేటప్పుడు

ఒప్పందం రిజిస్టర్ కాకముందే 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు. నగదు వద్దు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ మీరే పట్టుకుని కట్టాలి. మరిచిపోతే నోటీసు వచ్చేది మీకే.

తాళాలు తీసుకునే రోజు ఓసీ కాపీ అడగండి. బకెట్ నీళ్లు తీసుకెళ్లి బాత్రూమ్ నేలలో పోయండి, నీరు ట్రాప్ (నీరు బయటికి పోయే రంధ్రం) వైపు పోకుండా మూల నిలిస్తే వాలు తప్పినట్టే. నిర్మాణ లోపం బయటపడితే స్వాధీనం చేసుకున్న నాటి నుంచి ఐదేళ్లలోపు లిఖితపూర్వకంగా చెప్పండి. బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి.