మన ఊరి టీము చరిత్ర రాయాలంటే ముందు ట్రంకు పెట్టె తెరవండి

మా నాన్న చిత్తూరులో మా పేట క్రికెట్ టీముకు చాలా ఏళ్లు స్కోరరు. ఆడింది తక్కువ. మెసానికల్ గ్రౌండ్‌లో చెట్టు నీడన మడత కుర్చీ వేసుకుని, ఒళ్లో స్కోరు పుస్తకం పెట్టుకుని, బంతి బంతికీ ఒక చుక్కో (పరుగు రాకపోతే చుక్క) అంకెయో వేస్తూ కూర్చునేవారు. ఆయన పోయాక ఆ పుస్తకాలున్న ట్రంకు పెట్టెను మూడేళ్లు ఎవరం ముట్టుకోలేదు. ఇంటికి సున్నం వేయించినప్పుడు సగం పుస్తకాలు పాత పేపర్లతో పాటు తూకానికి పోయాయి. తూకానికి వేసింది నేనే. పదకొండు మిగిలాయి. వాటితో మా టీము చరిత్ర రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీ ఊళ్లో క్రికెట్టో, కబడ్డీయో, బాల్ బ్యాడ్మింటనో ఆడిన పాత టీము ఉంటే ఈ పని మీరూ చేయగలరు. ఎలాగో చెబుతాను.

అసలు ఇది చేయాలన్న బుద్ధి నాకు పుట్టింది చిత్తూరులో కాదు. మా అబ్బాయి అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నప్పుడు వెళ్లాను. అక్కడ రెడ్ వింగ్స్ అని ఒక బేస్‌బాల్ టీము ఉంది. పెద్ద లీగు టీముల కింద ఉండి, వాటికి ఆటగాళ్లను తయారుచేసే మైనర్ లీగు టీము అది. 1928 నుంచి అదే పేరు. 1957లో టీము చేజారిపోయేలా ఉంటే ఊళ్లో వేలమంది తలా కొంచెం పెట్టి వాటాలు కొని నిలబెట్టుకున్నారు. వాళ్లు చెప్పుకునే కథల్లో గొప్పది ఒక ఓటమి. 1981 ఏప్రిల్ 18 రాత్రి పాటకెట్ అనే ఊళ్లో మొదలైన ఆట తెల్లవారుజామున 4 దాటినా తేలలేదు. మామూలుగా 9 ఇన్నింగ్స్‌లో తేలాల్సిన ఆటను 32 ఇన్నింగ్స్ అయ్యాక ఆపేసి, మిగిలింది జూన్ 23న ఆడారు. 33వ ఇన్నింగ్స్‌లో రోచెస్టర్ 3-2తో ఓడింది. ఆ తెల్లవారుజామున స్టేడియంలో మిగిలిన ప్రేక్షకులు 19 మంది. ఆ అంకెను కూడా రాసిపెట్టుకున్నారు! అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న రాసింది కూడా అదే కదా, నేను దాన్ని కిలోల లెక్కన అమ్మేశాను కదా అనిపించింది.

ముందు చేయాల్సింది ఫొటోలు తీయడం. పాత స్కోరు పుస్తకం కాగితం మడత దగ్గర విరుగుతుంది. వరండాలో పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ప్రతి పేజీనీ ఫోన్‌తో తీయండి. ఖాళీ పేజీలనూ, అట్ట లోపలి వైపునూ వదలకండి. మా నాన్న అట్ట వెనక ఎవరెవరు ఎంత చందా ఇచ్చారో రాసుకున్నారు. టీములో ఎప్పుడు ఎవరున్నారో నాకు అక్కడే తెలిసింది.

తర్వాత లెక్క సరిచూడాలి. బ్యాట్స్‌మెన్ పరుగులు, ఎక్స్‌ట్రాలు కూడితే మొత్తం స్కోరు రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్ బైలు (బంతి బ్యాట్‌కు తగలకుండానే తీసిన పరుగులు) కలిపితే మళ్లీ అదే అంకె రావాలి. ఇది ఇప్పటి పద్ధతి. 1980ల మొదట్లో దాకా వైడ్లు, నోబాల్స్ బౌలర్ ఖాతాలో వేసేవారు కాదు. కాబట్టి అంతకు ముందటి పుస్తకాల్లో వాటిని కూడా విడిగా కలుపుకోవాలి. ఇది తెలియక నాన్న లెక్క తప్పు రాశారని నేను ఒక రాత్రంతా బాధపడ్డాను. తెల్లారి ఒక పాత అంపైరు గారు విషయం చెప్పాక ఇరవై మ్యాచ్‌లు తిరగేశాను. ఒక్క పరుగు కూడా తేడా లేదు.

పేర్లకు వేరే నోటుబుక్కు పెట్టండి. మా పుస్తకాల్లో ‘బాబు’ నలుగురున్నారు. ఒకాయన ఒక ఏడు ఇంటిపేరుతో, ఇంకో ఏడు ఒట్టి అక్షరాలతో, మరో ఏడు ముద్దుపేరుతో కనిపిస్తాడు. మాది తమిళ సరిహద్దు, కాట్పాడి నుంచి రైల్లో వచ్చి ఆడిపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరు మొదటి అక్షరమే ఉంటుంది. మనిషికో పేజీ ఇచ్చి, కనిపించిన ప్రతి రూపమూ అందులో రాస్తూ పోండి. తొందరపడి ఇద్దర్ని ఒకరు చేయకండి.

పెద్దవాళ్ల దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లకండి. ‘మీ టీము గురించి చెప్పండి’ అంటే ‘ఏముంది నాయనా, ఆడినాం, పోయినాం’ అంటారు. వాళ్లు ఆడిన మ్యాచ్ పేజీని పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి చేతికివ్వండి. అప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. పిచ్ మీద పరిచే కాయిర్ మ్యాట్‌ను (కొబ్బరి పీచు చాపను) సైకిళ్ల మీద ఎలా మోసుకెళ్లారో, దాని మేకులు ఎవరింట్లో దాచేవారో, అన్నీ చెబుతారు.

చెప్పినదంతా నిజమని మాత్రం రాసేయకండి. ఒక పెద్దాయన, మంచి వికెట్ కీపరు, నాతో అన్నారు: “ఇందిరాగాంధీ చనిపోయిన పొద్దు మన ఫైనల్ ఆగిపాయ. ఆదివారం అది. నాకు బాగా గుర్తుండాది.” కానీ 1984 అక్టోబరు 31 బుధవారం. నాన్న పుస్తకంలో ఆ వారం ఉన్నది 28వ తేదీ ఆదివారం మ్యాచ్ ఒక్కటే, అది పూర్తయింది కూడా. పెద్దాయన అబద్ధం చెప్పే మనిషి కాదు. మళ్లీ వెళ్లి, ఆ రోజు కొట్టు తెరిచారా అని మెల్లగా అడిగాను. కాసేపు ఆలోచించి, “రేడియో!” అన్నారు. ఆ రోజు పాకిస్తాన్‌లో సియాల్‌కోట్‌లో మన దేశం ఆడుతున్న వన్డే ఆ కబురుతోనే మధ్యలో ఆగిపోయింది. కొట్లో రేడియోలో విన్న ఆ మ్యాచ్, మూడు రోజుల ముందు తను ఆడిన మ్యాచ్, నలభై ఏళ్లలో ఒకటైపోయాయి. ఆ రెండూ ఎలా కలిశాయో కూడా నేను చరిత్రలో రాశాను, ఆయన ఒప్పుకున్నాకే. పెద్దవాళ్లను తప్పు పట్టినట్టు మాట్లాడితే రెండోసారి తలుపు తీయరు. తీయకపోయినా న్యాయమే.

పేపర్ల విషయం కొంచెమే చెబుతాను, ఎందుకంటే చిన్న టీము స్కోర్లు పేపర్లో పడింది తక్కువ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా చిత్తూరు మద్రాసు కిందే ఉండేది. అంతకు ముందటి కబుర్ల కోసం మద్రాసు పేపర్లు చూడాలి. ఆ తర్వాతవాటికి తెలుగు పేపర్ల జిల్లా పేజీలు వెతకండి. గ్రంథాలయంలో పాత సంపుటాలు ఉంటాయేమో అడగండి. తేదీ తెలియకుండా మాత్రం వెళ్లకండి, రోజులు వృథా అవుతాయి. స్కోరు పుస్తకంలో తేదీ చూసుకుని, మరుసటి నాలుగు రోజుల పేపర్లు చూస్తే చాలు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది కదా, అక్కడి టీములతో ఆడిన పోటీలకు రెండు చోట్లా అడగాల్సి వస్తుంది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఎవరూ ఊహించనిది, మా అమ్మ పద్దు పుస్తకం. పాలు, బియ్యం, కిరోసిన్ మధ్యలో ‘బాలుకు’ (అంటే క్రికెట్ బంతికి), ‘మ్యాచి భోజనానికి నిమ్మకాయలు’ అని తేదీలతో సహా ఉంది. పోయిన పుస్తకాల తాలూకు ఏళ్లలో ఏ ఆదివారం మ్యాచ్ జరిగిందో ఆ నిమ్మకాయలే చెప్పాయి. పదకొండు మందికి పులిహోర కలిపింది అమ్మ, తెల్ల ప్యాంట్ల మీద మట్టి మరకలు వదలగొట్టింది అమ్మ. ఆమె పేరు లేకుండా ఈ టీము చరిత్ర రాస్తే అది తప్పు చరిత్రే. మీ ఇళ్లలోనూ పద్దులు చూడండి.

షీల్డుల కింద ఇత్తడి రేకు మీద ఏడు ఉంటుంది, చింతపండుతో తోమితే కనిపిస్తుంది. గ్రూపు ఫొటో అట్ట వెనక స్టూడియో ముద్ర ఉంటుంది. నిలబడ్డవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి ఇవాళే రాయించుకోండి.

రాసేటప్పుడు ప్రతి విషయం పక్కనా అది ఎలా తెలిసిందో గుర్తు పెట్టండి. నేను పుస్తకంలో ఉన్నదానికి ‘పు’, పేపర్లో చూసినదానికి ‘పే’, నోటితో చెప్పినదానికి ‘నో’ అని వేశాను. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాశాను. ఓడిన మ్యాచ్‌లు దాచలేదు. 38కి ఆలౌటైన మ్యాచ్‌కు మొత్తం పేజీ ఇచ్చాను, ఆ రోజు చివరి జోడీ ఎంతసేపు నిలబడిందో నాన్న ప్రతి చుక్కా పెట్టారు.

పోయిన పుస్తకాల మీద ఆశ వదులుకోకండి. మ్యాచ్‌కు ఇద్దరు స్కోరర్లు ఉంటారు. మన పుస్తకం పోయినా అవతలి టీము పుస్తకం ఎవరింట్లోనో ఉండొచ్చు. అమ్మ పద్దులోని తేదీలు పట్టుకుని పలమనేరు వెళ్లాను. అక్కడ ఒక ఇంట్లో అటక మీంచి దింపిన పుస్తకంలో మా మ్యాచ్‌లు మూడు దొరికాయి. మూడో పేజీ అడుగున ఇద్దరు స్కోరర్ల సంతకాలు ఉన్నాయి. రెండోది మా నాన్నది.