రెజ్యూమె నమ్మదగినది కానప్పుడు అభ్యర్థి సామర్థ్యాన్ని అంచనా వేయడం ఎలా?

2022 నవంబరులో చాట్‌జీపీటీ అందుబాటులోకి వచ్చాక, ఉద్యోగ ప్రకటనలోని పదాలన్నిటినీ పొదిగిన రెజ్యూమెను ఎవరైనా నిమిషాల్లో తయారు చేసుకోగలుగుతున్నారు. కాబట్టి హైదరాబాదులో ఒక ఐటీ ఖాళీకి కుప్పలుగా వచ్చే దరఖాస్తులను కీలకపదాలతో వడపోస్తే, పని తెలిసినవారికంటే ప్రకటనను బాగా చదివినవారే ముందు మిగులుతారు.

అందుచేత రెజ్యూమెలు తెరవకముందే, చేరిన వ్యక్తి మొదటి ఆరు నెలల్లో పూర్తి చేయవలసిన పనులేమిటో టీమ్ మేనేజరును అడిగి రాసుకోండి. 'ఐదేళ్ల జావా అనుభవం' అనే షరతు ఆ పనికి బదులు కాదు. ఉద్యోగుల ఎంపిక పద్ధతులపై మనస్తత్వవేత్తలు షిమిట్, హంటర్ 1998లో ప్రచురించిన విశ్లేషణలోనూ, దాన్ని సరిదిద్దుతూ 2022లో సాకెట్ బృందం వెలువరించిన విశ్లేషణలోనూ, పనితీరును ముందుగా అంచనా వేయడానికి అనుభవపు సంవత్సరాలు అంతగా ఉపయోగపడవనీ, పద్ధతి ప్రకారం జరిపే ఇంటర్వ్యూలు ఎంతో మేలనీ తేలింది.

పద్ధతి ప్రకారం అంటే, అందరినీ అవే ప్రశ్నలు అడగడం, ఎలాంటి జవాబుకు ఎన్ని మార్కులో ముందే నిర్ణయించుకోవడం, ఇంటర్వ్యూ చేసినవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వారు వేయడం. ఈ మూడింటిలో తరచుగా తప్పిపోయేది చివరిదే; సీనియర్ నోరు విప్పిన తరువాత మిగిలినవారి అభిప్రాయం స్వతంత్రంగా ఉండదు. దీనితో పాటు గంటలోపు ముగిసే చిన్న పనిని, ఉదాహరణకు తప్పున్న కోడును, మీ ఎదుటే సరిచేయమనండి. రేపు ఉద్యోగంలో ఏఐ పరికరాలు వాడనిచ్చేటట్లయితే పరీక్షలోనూ వాడనిచ్చి, ఆ పరికరం ఇచ్చిన జవాబులో దేన్ని ఎందుకు తిరస్కరించారో అడగండి. అసలైన అవగాహన అక్కడే బయటపడుతుంది. సంస్థకు కావలసిన నిజమైన పనిని పరీక్ష పేరుతో ఉచితంగా చేయించుకోవడం మాత్రం అన్యాయం.

ఒకరి బదులు మరొకరు ఆన్‌లైన్‌లో కూర్చునే మోసం ఉన్నందున, వీలైతే చివరి రౌండును ముఖాముఖిగా జరపండి. పాత ఉద్యోగాల వివరాలను, అభ్యర్థి అనుమతితో, ఈపీఎఫ్ఓ (ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ) సర్వీసు చరిత్రతో సరిచూడవచ్చు. తేదీల్లో తేడా కనిపించగానే అబద్ధమని తీర్పు చెప్పకండి. సంస్థలే నిష్క్రమణ తేదీని ఆలస్యంగా నమోదు చేస్తుంటాయి.

రెజ్యూమెలోని ఖాళీ నెలలను లోపంగా లెక్కించడం నాకు సమ్మతం కాదు. ఆఫర్ లెటరు చేతికి వచ్చినా చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూసినవారు, లేఆఫ్‌లలో ఉద్యోగం పోయినవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. అలాగే, క్లయింటుతో మాట్లాడే అవసరం లేని ఉద్యోగానికి ఇంగ్లీషు ధారాళతకు మార్కులు వేయకండి. తెలుగు మాధ్యమంలో చదివిన అభ్యర్థి తన కోడును తెలుగులో వివరిస్తానంటే ఒప్పుకోండి.

చేరినవారి ఆరు నెలల పనితీరును వారి ఇంటర్వ్యూ మార్కులతో పోల్చి చూసి, బాగా పనిచేసినవారికీ చేయనివారికీ ఒకేలా మార్కులు తెచ్చిన ప్రశ్నలను తరువాతి నియామకం నుంచి తీసేయండి.