పైసల గుబులు: సమస్య - పరిష్కారం

సమస్య: బ్యాంకు మెసేజ్ తెరవబుద్ధి కాదు. అప్పు మొత్తం ఎంతని అడిగితే మాట దాటేస్తారు.

కారణం: లెక్క చూస్తే గుండె దడ, చూడకపోతే కాసేపు నిమ్మళం. ఆ నిమ్మళానికే అలవాటు పడతాం. మిత్తి మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

పరిష్కారం: ఆదివారం పొద్దున చాయ్ తాగినాక 20 నిమిషాలు కూర్చోవాలి. రాత్రిపూట వద్దు, నిద్ర చెడుతుంది. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: ఎవరికి, అసలెంత, మిత్తి ఎంత, గడువెప్పుడు. మొదటి వారం రాయడం వరకే, ఎట్లా తీర్చాలన్న ఆలోచన పెట్టుకోవద్దు. రెండో వారం అన్ని మిత్తిలనూ ఒకే కొలతలోకి తేవాలి. మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం, లక్షకు నెలకు 3,000. బ్యాంకులో బంగారం లోను 9 శాతానికి దొరికితే అది బారాణా (75 పైసల) మిత్తి, లక్షకు నెలకు 750. బీరువాలో తులాలు పెట్టుకుని బయట మూడు రూపాయలు కట్టే ఇండ్లు తక్కువేం కాదు. బంగారం కుదువ పెడితే పరువు పోతుందన్న భయానికి వాళ్లు లక్షకు నెలకు 2,250 ఎక్కువ కడుతున్నట్టే. అయితే గడువు దాటితే నగ వేలానికి పోతుంది. ఏ పంట మీద విడిపిస్తారో కుదువ పెట్టేముందే రాసుకోవాలి.

అప్పుల దిగులుతో నిద్ర కరువైనా, బతకబుద్ధి కాకపోయినా నోటుబుక్కు పక్కన పెట్టి 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రింబవళ్లు పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

సమస్య: పత్తి, మిర్చి పైసలు వచ్చిన వారంలోనే కరిగిపోతాయి.

కారణం: ఆర్నెల్లు ప్రతిదానికీ "పంట వచ్చినంక" అని అణచుకున్న కోరికలన్నీ ఒక్కసారే లేస్తాయి. పైగా చేతిలో ఉంటే ఎవరో ఒకరు అడుగుతారన్న భయం, అందుకే తొందరగా ఏదో ఒకటి కొనేస్తారు.

పరిష్కారం: వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు బయలుదేరే ముందురోజే పంపకం రాయాలి. తక్‌పట్టీ (పంట అమ్మిన లెక్క చీటీ) చేతికొచ్చాక మనసు మాట వినదు. ముందు అడ్తిదారు బాకీ, ఎక్కువ మిత్తి అప్పులు. తర్వాత వానాకాలం విత్తనం, ఎరువు. ఆపైన ఇంటి ఖర్చు, నెలల వారీగా. చివరన నూటికి 5 రూపాయలు చీరకో, దావత్‌కో. ఈ ఐదు రూపాయలను కోయొద్దు, కోస్తే మిగతా లెక్క కూడా ఎక్కువ రోజులు నిలవదు. పెట్టుబడి పైసలు మే నెలాఖరుకు చేతికొచ్చేటట్టు డిపాజిట్ వేస్తే, అడిగినవాళ్లకు "డిపాజిట్‌ల ఉన్నయి" అని ఉన్నమాటే చెప్పొచ్చు.

సమస్య: దగ్గరోళ్లు అప్పు అడిగితే కాదనలేరు.

జగిత్యాల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్‌లో కొడుకున్న ఇండ్లకు ఇది బాగా తెలిసిన బాధ. ఊరికి కనిపించేది వాడు పంపే పైసలే, వీసాకు తెచ్చిన అప్పు కాదు. ఇయ్యకపోతే చుట్టరికం చెడుతుందన్న బెదురు దానికి తోడు.

పరిష్కారం: అక్కడికక్కడ జవాబు ఇవ్వొద్దు. "ఇంట్ల అడిగి ఎల్లుండి చెప్త" అంటే చాలు. తిరిగి రాకున్నా మీరు బాధపడని మొత్తం ఎంతో అంతే ఇవ్వండి: "బావా, యాభై వేలు నాతోని కాదు. ఐదు వేలు ఇస్త, మళ్ల ఇయ్యకున్నా మంచిదే."

ఇంకొకరి అప్పుకు పూచీగా పెట్టే జామీను సంతకం దీనికంటే ప్రమాదం, ఎందుకంటే ఆ రోజు జేబులోంచి రూపాయి పోదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, జామీను పడ్డవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. "ఉత్త సంతకమే కదా" అని ఎవరైనా అంటే, అంత అప్పు మీ పేరు మీద తీసుకుంటారా అని మిమ్మల్ని మీరే అడగండి. తీసుకోనంటే సంతకం కూడా వద్దు.

సమస్య: పెండ్లి ఖర్చు చేయి దాటుతుంది.

కారణం నలుగురి నోటి భయం. పై హద్దు ఎంతో ముహూర్తం పెట్టకముందే ఆలుమగలు ఒప్పుకోవాలి. ఫంక్షన్ హాల్‌కు బయానా ఇచ్చినంక తగ్గించడం ఎవరి తరమూ కాదు. బట్టలు, బంగారం, భోజనాల్లో ఒక్కదాన్నే ఘనంగా చేసి, మిగతా రెండింటికి ముందే అంకె రాసుకోండి.