పెద్ద గుమ్మడికాయ ఎత్తే ముందు

తొడిమ పట్టుకుని లేపొద్దు. అది పిడి కాదు. ఊడితే కాయ కాలి మీదే పడుతుంది, ఊడినచోట కుళ్లు మొదలవుతుంది.

అడుగు తడిమి చూడండి. మెత్తగా, చెమ్మగా తగిలితే ఎత్తగానే పగులుతుంది. ఆకుల చాటున తేలు ఉండొచ్చు, ముందు కర్రతో కదిపి చూడండి.

25 కిలోలు దాటిన కాయ ఒక్కరే ఎత్తొద్దు. ఒక పక్కకు ఒరిగించి, సగం చుట్టిన టార్పాలిన్ కిందికి తోసి, మళ్లీ ఇటు దొర్లించి, మిగతా సగం విప్పండి. నలుగురు నాలుగు కొసలు పట్టాలి. 'ఒకటి, రెండు, మూడు' ఒక్కరే చెప్పాలి, అందరూ అరిస్తే గందరగోళమే. మోకాళ్లు వంచండి, నడుము కాదు. పుత్తూరు కట్టు పక్కనే ఉందిలే అన్న ధీమా వద్దు!

బండిలో వరిగడ్డి పరిచి, పాత టైరులో కూర్చోబెడితే మొగిలి ఘాట్ దిగేటప్పుడూ దొర్లదు.